చిన్న రసం చిల్లు, సోలెక్స్ జెట్టు

చిన్న రసం మామిడిపళ్లు తినడం వచ్చినవాళ్లకి కార్బరేటరు సగం తెలిసినట్టే. కాయని రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక కొరికి, సొన పిండేసి, ఆ చిల్లుకి నోరు పెట్టి పీలుస్తాం. చిల్లు మరీ సన్నమైతే బుగ్గలు నొప్పెట్టేదాకా లాగినా రసం రాదు. వెడల్పైతే నోట్లోకి పోయేది కొంత, మోచేతి మీదుగా చొక్కాకి కారేది కొంత. కాయ అదే, పీల్చే నోరూ అదే, తేడా అంతా చిల్లుది. కార్బరేటరు గిన్నెలో ఉన్న పెట్రోలు రసం అనుకుంటే, ఇంజను పీల్చే నోరు. మధ్యలో ఉన్న ఆ చిల్లుకే జెట్టు అని పేరు.

మొన్న మే నెలలో నూజివీడు పక్కన మా బాబాయి తోటకి వెళ్లాను. కోసిపెట్టిన కలెక్టరు మామిడికాయల గుట్ట పక్కనే ఆయన ఫియట్టు బానెట్ ఎత్తి ఉంది. 1980ల నాటి ప్రీమియర్ పద్మిని. మన వైపు దాన్ని పద్మిని అని పిలిచినవాళ్లని నేను పెద్దగా చూడలేదు, అందరికీ అది ఫియట్టే.

"ఒరేయ్ అబ్బాయ్, ఈ కొత్త పెట్రోలు వచ్చిన దగ్గర్నుంచీ బండి లాగట్లేదురా. గేరు మార్చి కాలు వేస్తే చాలు, కార్బరేటరు తుమ్ముతోంది. ఆటోనగర్లో అడిగితే జెట్టు మార్చాలన్నారు. ఏ నంబరు వెయ్యమంటావు?"

"నంబరు సంగతి తర్వాత బాబాయ్. ముందు ప్లగ్గులు చూద్దాం."

ఆయనకి నా జవాబు నచ్చలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి మందు పేరు అడిగితే నాలుక చూపించమన్నట్టుంది కదా మరి! పాత బళ్లున్నవాళ్లు చాలామంది ఇప్పుడు ఇదే ప్రశ్న ఇంతే తొందరగా అడుగుతున్నారు. ఆ సాయంత్రం మామిడిచెట్టు కింద ఆయనకి చెప్పినదాన్నే ఇక్కడ ఇంకాస్త ఓపిగ్గా రాస్తున్నాను.

జెట్టు మీద అంకె ఏం చెబుతుంది?

జెట్టంటే చింతగింజంత ఇత్తడి మర. తల మీద స్క్రూడ్రైవరు గాడి, నడిమధ్య సన్నటి రంధ్రం, పక్కన చెక్కిన అంకె. బాబాయి ఫియట్టు 1089 సీసీ ఇంజను మీద కూర్చున్నది సోలెక్స్ కార్బరేటరు. సోలెక్స్‌లో, వెబర్‌లో ఆ అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది. 125 అని ఉంటే రంధ్రం 1.25 మిల్లీమీటర్లు. 130 అయితే 1.30. అంతకు మించి ఆ అంకెలో రహస్యమేమీ లేదు. అది ఇంజను బలాన్ని చెప్పదు, మైలేజీని చెప్పదు.

ఇక్కడే అందరూ ఒక చోట పొరపడతారు. పెట్రోలు పారేది వ్యాసాన్ని బట్టి కాదు, రంధ్రం వైశాల్యాన్ని బట్టి. వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 125 తీసి 130 వేస్తే అంకెలో పెరిగింది 4 శాతమే, పెట్రోలు మాత్రం 8 శాతం పెరుగుతుంది. 135 వేస్తే దాదాపు 17 శాతం. "పది నంబర్లు ఎక్కువేద్దాం, పికప్ వస్తుంది" అనే మాట షెడ్డుల్లో ఎంత తేలిగ్గా అంటారో! ఆరు లీటర్లు పోసే చోట ఏడు లీటర్లు పోయమని చెప్పడమది.

ఇంకో జాగ్రత్త. అంకెల భాష అన్ని కంపెనీలదీ ఒకటి కాదు. మోటారుసైకిళ్ల మీద కనిపించే ఆమల్ జెట్ల అంకె నిమిషానికి ఎన్ని సీసీల ద్రవం పారుతుందో చెబుతుంది. మికునీలో ఆరు పలకల తల ఉన్న మెయిన్ జెట్లదీ పారుదల లెక్కే. ఒక కంపెనీ 125కీ ఇంకో కంపెనీ 125కీ చుట్టరికం లేదు. మర పట్టింది కదా అని బిగించేస్తే అయిపోదు.

వైరు పెట్టి పొడిస్తే ఏమవుతుంది?

మా నాన్నకి కూడా ఒక ఫియట్టు ఉండేది. వేసవి సెలవుల్లో దాని డిక్కీలో బంగినపల్లి పెట్టెలు, వెనక సీట్లో మేమూ, మా కాళ్ల కింద రసాల బుట్టలూ. ఒకసారి దారిలో ఆగిపోతే దగ్గర్లో ఉన్న షెడ్డుకి తోసుకెళ్లాం. అక్కడి మెకానిక్ జెట్టు విప్పి, క్లచ్ కేబులు లోంచి ఒక ఉక్కు తీగ లాగి, రంధ్రంలో దూర్చి నాలుగుసార్లు ఆడించాడు. బండి వెంటనే స్టార్టయింది. నాన్న సంతోషంగా డబ్బులిచ్చాడు. ఆ రోజు నుంచి లీటరుకి ఇచ్చే కిలోమీటర్లు తగ్గాయి. దానికి నాన్న బంకుని తిట్టాడు, టైర్లని తిట్టాడు, మేం బరువు పెరిగామన్నాడు. జెట్టుని మాత్రం అనుమానించలేదు, దాని మీద అంకె మారలేదు కదా!

ఉక్కు ముందు ఇత్తడి మెత్తన. తీగతో గీస్తే రంధ్రం వెడల్పవుతుంది. ఎంత వెడల్పైతే తేడా తెలుస్తుంది? 1.25 రంధ్రం 1.30 కావడానికి చెక్కుకుపోవాల్సింది మిల్లీమీటరులో 20వ వంతు. అంటే దాదాపు ఒక వెంట్రుక మందం. ఆ వెంట్రుక ఖరీదు 8 శాతం పెట్రోలు. నూజివీడులో వీణలు చేసేవాళ్లు మేళం కట్టేటప్పుడు చూడండి, మైనంలో మెట్టుని వెంట్రుకవాసి జరిపి చెవితో వింటారు. జెట్టుకి కూడా అంత సున్నితం కావాలి. మనం మాత్రం దానికి తీగ పట్టుకొస్తాం.

జెట్టు మూసుకుపోతే టైరు షాపులో గాలి కొట్టించండి. జిగురు పట్టి ఉంటే కార్బరేటరు క్లీనరులోనో థిన్నరులోనో రాత్రంతా నానబెట్టి, మళ్లీ గాలి కొట్టించండి. మరీ తప్పకపోతే నైలాన్ దారం, చీపురు పుల్ల. ఇనుము వద్దు.

పాత బండి కొన్నప్పుడు లోపలి జెట్టుకి ఎన్ని తీగలు తగిలాయో మీకు తెలియదు. అందుకని అంకె చూసి దాన్నుంచి పైకో కిందకో లెక్కపెట్టడం గాల్లో మేడ కట్టడమే అవుతుంది. కంపెనీ పుస్తకంలో ఉన్న అంకెకి కొత్త జెట్టు ఒకటి తెచ్చి, దాని నుంచి మొదలుపెట్టాలి.

తప్పు జెట్టుదేనా?

నా అనుభవంలో జెట్టు మీద పడే నిందల్లో ఎక్కువ భాగం వేరేవాళ్లవి. అందుకే బాబాయి బండిలో జెట్టుకన్నా ముందు మిగతావన్నీ చూశాం.

గాలి ఫిల్టరు తీస్తే ఎర్రమట్టి. తోటల మధ్య ట్రాక్టర్ల వెనక తిరిగే బండికి అది తప్పదు. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి, పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం చిక్కబడుతుంది. అప్పుడు జెట్టు పెద్దదైనట్టు కనిపిస్తుంది. దులిపితే పోయేదానికి జెట్టు మార్చినవాళ్లున్నారు.

రెండోది గిన్నెలో పెట్రోలు మట్టం. ఫ్లోటు లోపలికి పెట్రోలు ఎక్కి బరువెక్కినా, నీడిల్ వాల్వు అరిగినా మట్టం పైకి వస్తుంది, ఇంజను అడిగినదానికన్నా ఎక్కువ తాగుతుంది. సోలెక్స్‌లో ఈ మట్టాన్ని నీడిల్ వాల్వు కింద వేసే వాషరు మందంతో సరిచేస్తారు. ఎవరో విప్పి, వాషరు పారేసుకుని, ఉత్తినే బిగించి ఉంటే మట్టం పెరిగిపోతుంది. ఇలాంటి బండికి ఏ జెట్టు వేసినా లెక్క కుదరదు.

మూడోది దొంగగాలి. కార్బరేటరుకీ మానిఫోల్డుకీ మధ్య ప్యాకింగు ఎండి చీలినా, థ్రాటిల్ ఇరుసు అరిగి వదులైనా, జెట్టు చూడని గాలి లోపలికి పోతుంది. మిశ్రమం పలచబడుతుంది, బండి తుమ్ముతుంది. ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆ అతుకుల దగ్గర సబ్బునీళ్లు చిమ్మండి. ఇంజను శబ్దం మారితే దొంగ దొరికినట్టే. పెట్రోలు చిమ్మి చూసేవాళ్లున్నారు. వేడి ఇంజను మీద ఆ పని చేసి బానెట్ కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక పాయింట్ల ఖాళీ, టైమింగు, ట్యాపెట్లు. ఇవి సరిగ్గా లేకుండా కార్బరేటరు ముట్టుకోవద్దని పాత మేస్త్రీలు చెప్పేవాళ్లు. నిప్పు బలహీనంగా ఉంటే మంచి మిశ్రమం కూడా సగమే కాలుతుంది, ప్లగ్గు నల్లబడుతుంది, మనం జెట్టు తగ్గిస్తాం. జబ్బు ఒకటి, మందు ఇంకొకటి.

ఎయిర్ లాక్ గురించి విడిగా చెప్పాలి. మే నెల మధ్యాహ్నం, బండి ఆపి కొబ్బరినీళ్లు తాగి వచ్చి సెల్ఫ్ కొడితే పట్టదు. అరగంట నీడలో పెడితే పట్టేస్తుంది. వేడికి పంపులో, పైపులో పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. వెనకటి టాక్సీ డ్రైవర్లు పెట్రోలు పంపు మీద తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవాళ్లు, అది వట్టి అలవాటు కాదు, పనిచేసే వైద్యం. చల్లారితే పోయే జబ్బు జెట్టుది కాదు. రంధ్రం ఎండకి చిన్నదీ నీడకి పెద్దదీ అవదు.

కొత్త పెట్రోలు నిజంగా తేడా తెచ్చిందా?

తెచ్చింది, బాబాయి అనుమానంలో నిజం ఉంది. పెట్రోల్లో ఇథనాల్ వాటా దేశం మొత్తం మీద 2022 జూన్ నాటికి 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలుని 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో మొదలుపెట్టారు. 2025కి మామూలు బంకులో దొరికే మామూలు పెట్రోలు అదే అయింది. దాన్నే ఈ-20 అంటున్నారు.

ఒక కిలో వట్టి పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్ తన ఒంట్లోనే కొంత ఆక్సిజన్ మోసుకొస్తుంది కాబట్టి దానికి 9 కిలోలు చాలు. రెండూ 80, 20 పాళ్లలో కలిపితే లెక్క దాదాపు 13.5కి దిగుతుంది. ఇంజను పీల్చే గాలి మారలేదు, జెట్టు మారలేదు. ఆ గాలికి ఇప్పుడు 8, 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి, రావడం లేదు. పాలలో నీళ్లు కలిసినట్టు మిశ్రమం పలచబడింది. ఈ-20 కాస్త బరువైన ద్రవం కనుక అదే రంధ్రంలోంచి రవ్వంత ఎక్కువ బరువు పారుతుంది. అది తీసేసినా మిగిలే లోటు 8 శాతం దగ్గర తేలుతుంది.

పైన చెప్పిన లెక్క గుర్తుందా? 125 నుంచి 130కి వెళ్తే పెరిగేది 8 శాతం. వట్టి పెట్రోలుకి సరిగ్గా కుదిరిన బండికి ఈ-20 పోస్తే మెయిన్ జెట్టు ఒక మెట్టు, అంటే ఐదు నంబర్లు పెంచడం న్యాయమే. 10 శాతం ఇథనాల్ కాలంలో ఒకసారి సరిచేయించుకున్న బండికి దానిలో సగం చాలు, 127.5 లాంటి సగం మెట్టు జెట్టు దొరికితే సరిపోతుంది. 125 అని నేను లెక్క కోసం చెబుతున్నాను. మీ బండి అంకె మీ కార్బరేటరు పుస్తకంలో చూసుకోవాలి.

కొత్త కార్లకి ఈ బాధ ఉండదు. సైలెన్సరు గొట్టంలో ఉన్న ఆక్సిజన్ సెన్సరు తక్కువైన సంగతి చెబితే కంప్యూటరు ఇంజెక్టర్ని ఇంకాస్త సేపు తెరుస్తుంది. మన ఫియట్టుకి నాలుక లేదు, తుమ్ముతుంది, అంతే.

మిశ్రమం పలచనైతే బండి లాగకపోవడం చిన్న నష్టం. ఇంజను వేడెక్కుతుంది, ఎగ్జాస్టు వాల్వులు కాలిపోతాయి. చిక్కనైతే డబ్బు పోతుంది, పలచనైతే ఇంజను పోతుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను కాస్త చిక్కన వైపే నిలబడతాను.

ఇథనాల్ ఇంకో పని కూడా చేస్తుంది, అది జెట్టుతో తీరేది కాదు. పాత రబ్బరు పైపులు, కార్కు ప్యాకింగులు, పంపు డయాఫ్రం ఉబ్బి, పగిలి, పొడి రాలుస్తాయి. ఆ పొడి వచ్చి జెట్టులోనే కూర్చుంటుంది. ముందు పైపులు, డయాఫ్రాలు ఇథనాల్‌కి తట్టుకునేవి వేసుకోండి, వైటాన్ రబ్బరైతే మంచిది. జెట్టు మార్చడం ఆ తర్వాత.

చిక్కనో పలచనో ఎలా తేల్చుకోవాలి?

ఖర్చు లేని పరీక్ష చోక్. బండి బాగా వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఒకే వేగంతో పోతూ చోక్ కొద్దిగా లాగండి. బండి హుషారుగా ముందుకెళ్తే పెట్రోలు చాలడం లేదన్నమాట. గొణిగి వెనకపడితే ఇప్పటికే సరిపోతోంది, లేదా ఎక్కువవుతోంది. ఈ పరీక్ష సగం థ్రాటిల్‌లో ఒకసారి, పూర్తి థ్రాటిల్‌లో ఒకసారి చెయ్యాలి.

రెండోది ప్లగ్గు. మధ్యలో ఉన్న పింగాణీ లేత బిస్కత్తు రంగులో ఉంటే మంచిది. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే పలచన. పొడిపొడిగా నల్లటి మసి ఉంటే చిక్కన. నల్లగా జిడ్డుగా ఉంటే అది ఇంజనాయిలు, రింగుల సంగతి. అయితే ఊరంతా తిరిగొచ్చి, ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ప్లగ్గు తీస్తే అది చెప్పేది ఐడిలింగ్ కబురే. మెయిన్ జెట్టు కబురు కావాలంటే పొద్దున్నే ట్రాక్టర్లూ గేదెలూ రోడ్డెక్కక ముందే ఒకటిన్నర కిలోమీటర్లు గట్టిగా తోలి, క్లచ్ తొక్కి, ఇంజను ఆపేసి, బండిని దాని ఊపు మీద పక్కకి చేర్చి ప్లగ్గు తీయాలి. తాళంచెవి స్టీరింగు లాక్ అయ్యేదాకా తిప్పకండి. 2000లో సీసం లేని పెట్రోలు వచ్చాక ప్లగ్గుల రంగులు పాత పుస్తకాల్లో ఉన్నంత స్పష్టంగా పడటం లేదు. ఇథనాల్‌తో ఇంకా లేతబడ్డాయి. కాబట్టి ప్లగ్గుని సాక్షిగా పిలవండి, తీర్పు మాత్రం దాని ఒక్కదాని మీదే ఇవ్వకండి.

మూడోది మన కళ్ల ముందే ఉండి ఎవరూ వాడుకోనిది, పొల్యూషన్ చెకింగు. అక్కడి యంత్రం ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఎంత శాతమో చెబుతుంది. ఈ వయసు కార్లకి 3 శాతం దాకా అనుమతి. సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని వచ్చేయకుండా ఆ అంకె చదవండి. అరశాతం కూడా లేక బండి వణుకుతుంటే ఐడిలింగ్ మిశ్రమం పలచన. 3 దాటితే చిక్కన. ఇది మెయిన్ జెట్టు గురించి ఏమీ చెప్పదు, పైలట్ జెట్టు గురించి చెబుతుంది.

అసలు ఏ జెట్టు మార్చాలి?

సోలెక్స్‌లో జెట్టు ఒకటి కాదు. మెయిన్, పైలట్, గాలిని కలిపే ఎయిర్ కరెక్షన్ జెట్టు, యాక్సిలరేటరు పంపు జెట్టు, చోక్‌కి స్టార్టర్ జెట్టు ఉంటాయి. బండి ఎప్పుడు ఇబ్బంది పెడుతోందో చూస్తే వీటిలో ఎవరిని పిలవాలో తెలుస్తుంది.

ఐడిలింగ్‌లోనూ, కాలు కొద్దిగా ఆనించి ఊళ్లో తిరిగేటప్పుడూ ఇంజనుకి పాలిచ్చేది పైలట్ జెట్టు. నూజివీడు బజారులో తిరిగే బండికి దీనితోనే ఎక్కువ పని. దీనికి తోడు మిశ్రమం స్క్రూ ఉంటుంది. పూర్తిగా మెల్లగా మూసి, ఎన్ని చుట్లు విప్పితే ఇంజను నున్నగా తిరుగుతోందో లెక్కపెట్టండి. ఒకటిన్నర, రెండు చుట్ల దగ్గర కుదిరితే పైలట్ జెట్టు జోలికి పోవద్దు. మూడు చుట్లు విప్పినా ఇంకా కావాలంటే జెట్టు చిన్నది. అరచుట్టుకే సరిపోతే పెద్దది.

సగం థ్రాటిల్ నుంచి పైదంతా మెయిన్ జెట్టు రాజ్యం. ఇది మార్చితే ఆ పరిధి మొత్తం చిక్కబడటమో పలచబడటమో జరుగుతుంది. ఎయిర్ కరెక్షన్ జెట్టు ఇంజను బాగా పైకి తిరిగేటప్పుడు పట్టు చూపిస్తుంది. దీని లెక్క తిరగేసి ఉంటుంది, ఇది గాలి చిల్లు కాబట్టి అంకె పెరిగితే మిశ్రమం పలచబడుతుంది. చాలామంది ఇక్కడ పప్పులో కాలేస్తారు. మామూలుగా తిరిగే బండికి దీన్ని కంపెనీ పెట్టినట్టే ఉంచడం నయం.

కాలు ఒక్కసారిగా వేసినప్పుడు మాత్రమే తుమ్మి, ఆ తర్వాత బాగానే లాగితే మెయిన్‌ని వదిలేయండి. యాక్సిలరేటరు పంపు డయాఫ్రం చిరిగిందేమో, దాని జెట్టు మూసుకుందేమో చూడండి. ఇంజను ఆపి, ఫిల్టరు తీసి, గొంతులోకి చూస్తూ యాక్సిలరేటరు లాగితే సన్నటి పెట్రోలు ధార కనిపించాలి.

ఒకసారికి ఒకటే జెట్టు, ఒకటే మెట్టు. రెండు ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. పాకెట్ పుస్తకంలో తేదీ, ఎండ ఎంత, ఏ జెట్టు, ప్లగ్గు రంగు రాసుకోండి.

ఎండ ఎంతో ఎందుకంటే, వేడిగాలి పలచన. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి బరువు 6 శాతం తక్కువ. కార్బరేటరులో పెట్రోలు అంతగా తగ్గదు కనుక మిశ్రమం 3 శాతం చిక్కబడుతుంది. మే మధ్యాహ్నం చక్కగా కుదిరిన బండి సంక్రాంతి పొద్దున్న 18 డిగ్రీల మంచులో 4 శాతానికి పైగా పలచబడుతుంది. ఎండలో జెట్టు ఎంచుకుంటే కాస్త చిక్కన వైపు ఆపండి. కొండల మీద ఇది మరీ ఎక్కువ. 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీలో సముద్రమట్టానికి సరిపెట్టిన కార్బరేటరు 10 శాతానికి మించి చిక్కబడి, బండి నల్లపొగతో ఎక్కుతుంది. నాలుగు రోజుల విహారానికి జెట్టు మార్చక్కర్లేదు, దిగివచ్చాక అదే సర్దుకుంటుంది.

అంబాసిడర్ వాళ్లకి?

మీది 1489 సీసీ అంబాసిడర్ అయి, దాని మీద ఎస్‌యూ కార్బరేటరు ఉంటే ఇప్పటిదాకా చెప్పిన అంకెలన్నీ పక్కన పెట్టండి. ఎస్‌యూలో జెట్టు పరిమాణం స్థిరం, చిన్న సైజుల్లో అంగుళంలో వెయ్యింట 90 వంతులు. ఆ చిల్లులో కొన వైపు సన్నబడే ఒక సూది పైకీ కిందకీ ఆడుతుంది. సూదికీ చిల్లుకీ మధ్య సందులోంచే పెట్రోలు వస్తుంది. కాబట్టి ఇక్కడ ఎంచుకోవాల్సింది సూదిని. సూదుల గుర్తులు చాలావరకు అక్షరాల్లో ఉంటాయి. దీన్ని కనిపెట్టిన స్కిన్నర్ల కుటుంబం లండన్లో చెప్పుల వ్యాపారం చేసేది. మొదటి ఎస్‌యూల్లో ఇప్పటి పిస్టన్ బదులు తోలు తిత్తి ఉండేదంటే ఆశ్చర్యమేముంది!

ఈ-20 తెచ్చిన పలచదనాన్ని ఎస్‌యూలో చాలావరకు జెట్టు కింది నట్టుతోనే సరిచేయొచ్చు. కిందకి దించితే చిక్కన. ఒక్కో పలక చొప్పున తిప్పి, పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ని మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తి చూడండి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే చిక్కన. ఆగిపోబోతే పలచన. ఒక్క క్షణం పెరిగి సర్దుకుంటే సరిపోయింది. సూది చిల్లుని ఒక పక్కకి రాసుకుని కోలగా అరగదీసి ఉంటే నట్టు ఎంత తిప్పినా కుదరదు, అప్పుడు సూదినీ జెట్టునీ జతగా మార్చాలి. ఒక్కటి మార్చడం కొత్త ఎద్దుని ముసలి ఎద్దుతో కట్టడమే.

కొనేటప్పుడు ఏం చూడాలి?

విజయవాడ ఆటోనగర్లో పాత సోలెక్స్ జెట్లు డబ్బాల్లో దొరుకుతాయి. వాటిలో కంపెనీవీ ఉంటాయి, టంకంతో చిల్లు మూసి మళ్లీ తొలిచినవీ ఉంటాయి. వెలుతురుకి ఎత్తిపట్టి భూతద్దంలో చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచు పదునుగా ఉండాలి, గీతలుండకూడదు. రంధ్రం నోటి దగ్గర వాలు ఎలా ఉందో దాన్ని బట్టి కూడా పారుదల మారుతుంది, అందుకే ఒకే అంకె ఉన్న రెండు జెట్లు వేర్వేరుగా పారడం కద్దు.

ఇంట్లో తేల్చుకునే దారి ఒకటుంది. ఒక సీసా అడుగున రబ్బరు గొట్టం బిగించి, చివర జెట్టు పెట్టి, సీసాని మూరెడెత్తున వేలాడదీయండి. సీసాలో నీళ్ల మట్టం ప్రతిసారీ ఒకే గీత నుంచి మొదలవ్వాలి. గ్లాసు నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. 130 జెట్టు 125 కన్నా 8 శాతం తక్కువ సమయంలో నింపాలి, అంటే 100 సెకన్లకి 92, 93. తీగ తగిలిన పాత జెట్టు బండారం ఇక్కడ బయటపడుతుంది. మూడుసార్లు చేసి సగటు తీయండి.

బాబాయి జెట్టుని అలాగే కొలిచాం. అంకె 125, పారుదలా 125దే, దాన్ని ఎవరూ పొడవలేదు. మానిఫోల్డు ప్యాకింగు చీలి ఉంది, పంపు దగ్గర పైపు పగిలి ఉంది. రెండూ మార్చి, ఫిల్టరు దులిపాక తుమ్ములు ముప్పాతిక వంతు పోయాయి. చోక్ లాగితే మాత్రం బండి ఇంకా ముందుకి ఉరికింది. 127.5 ఎక్కడా దొరకలేదు. 130 వేశాం. మిశ్రమం స్క్రూ పావు చుట్టు విప్పాం. పైలట్ జెట్టు పాతదే ఉంది. మర్నాడు నున్న ఊళ్లోని మామిడి మార్కెట్టుకి వెళ్లి వచ్చి ప్లగ్గులు తీస్తే లేత బిస్కత్తు రంగు.

"ఈ పాతది పారేయనా?" అన్నాడు బాబాయి, 125ని వేళ్ల మధ్య పట్టుకుని. వద్దన్నాను. కాగితంలో చుట్టి, అంకె, తేదీ రాసి డాష్‌బోర్డు అరలో పెట్టించాను. రేపు పెట్రోలు మళ్లీ మారినా, బండి ఇంకొకరి చేతికి వెళ్లినా ఆ జెట్టుతో పని పడుతుంది.

కోతలయ్యాక బండిని నెలల తరబడి షెడ్డులో పెట్టేసే తోటల వాళ్లకి ఒక మాట. పెట్టే ముందు పంపుకి వచ్చే పైపు విప్పి, దాని మూతి మూసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడవనివ్వండి. కార్బరేటరు గిన్నె ఖాళీగా ఉంటే వచ్చే పూత కాలానికి జెట్టులో జిగురు ఉండదు. ఆ పని చేసేటప్పుడు దగ్గర్లో ఎవరినీ బీడీ కాల్చనివ్వకండి.